గోపన్నగారి లెక్క

శ్రీరామనవమి ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు వెంటనే గుర్తుకు వచ్చిన పేరు కంచెర్ల గోపన్న. లోకం ఆయనను భద్రాచల రామదాసు అంటుంది. ఆయన భక్తిని గురించీ, సంగీతాన్ని గురించీ పెద్దలు ఎందరో వ్రాశారు. నాకు ఆయనతో ఉన్న చుట్టరికం వేరు. ఆయన రెవెన్యూ ఉద్యోగి. శిస్తు వసూలు చేసి ఖజానాకు జమ కట్టవలసిన తహశీల్దారు. జమాఖర్చుల దగ్గర చిక్కుపడి చెరసాల పాలైనవాడు. ముప్ఫై నాలుగేళ్ళు అదే శాఖలో దస్త్రాలు మోసిన నాకు ఆయన కథ ఎప్పుడు విన్నా పక్క తాలూకాలో జరిగిన సంగతిలాగానే ఉంటుంది.

ఖమ్మం జిల్లా నేలకొండపల్లి ఆయన స్వగ్రామం. కాలం పదిహేడవ శతాబ్దం. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. తండ్రి పేరు, గోత్రం, ఇంటిపేరు దాశరథీ శతకంలో ఆయనే చెప్పుకున్నాడు. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా, అంటే మన తానీషా, 1672లో గద్దె ఎక్కాడు. ఆ దర్బారులో చక్రం తిప్పిన అక్కన్న మాదన్నలు గోపన్నకు మేనమామలని ప్రతీతి. వారి మాట సాయంతోనే ఆయనకు పాల్వంచ పరగణా తహశీలు దొరికిందంటారు. సిఫార్సు ఉద్యోగమే అనుకోండి. అయినా పని తెలిసినవాడు, లెక్క తెలిసినవాడు. ఆయన పాటల్లో కూడా ఆ లెక్కల బుద్ధి ఎలా కనిపిస్తుందో ముందు ముందు చూద్దాం.

ఆయనకు కబీరుదాసు రామమంత్రం ఉపదేశించాడని హరికథల్లో చెప్తారు. కబీరు పదిహేనవ శతాబ్దం వాడు, గోపన్న పదిహేడవ శతాబ్దం వాడు. సర్వీసు రిజిస్టర్లలో పుట్టిన తేదీలు సరిచూసి చూసి అలవాటైన నా కంటికి ఈ తేడా వెంటనే కనిపిస్తుంది. దాని మీద నాకు పేచీ లేదు. రాముడి పేరు చెప్పుకునేవాళ్ళందరినీ ఒక చోట కూర్చోబెట్టాలని కథ చెప్పేవారికి ముచ్చట పుట్టి ఉంటుంది.

గోదావరి ఒడ్డున భద్రగిరి మీద రాముడు వెలసిన సంగతి మనందరికీ తెలుసు. పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీకి కలలో కనిపించి, పుట్టలో ఉన్న తన విగ్రహాలను చూపించాడని స్థలపురాణం. ఆమె తాటాకుల పందిరి వేసి, పండో ఫలమో నైవేద్యం పెట్టి కొలుచుకునేది. ఆ పరగణాకు అధికారిగా వచ్చిన గోపన్న ఆ పందిరి కింది స్వామిని చూశాడు. నాలుగు చేతులతో, ఎడమ తొడ మీద సీతమ్మను కూర్చోబెట్టుకున్న రాముడు. గుడి కట్టాలని అప్పుడే మనసులో పడింది.

గుడి కట్టించాడు. ప్రాకారాలు, గోపురాలు, మంటపాలు లేచాయి. దేవుళ్ళకు నగలు వచ్చాయి. డబ్బు ఎక్కడిది? మొదట చందాలు పోగుచేశాడంటారు. అవి చాలక, వసూలైన శిస్తును ఖర్చు పెట్టాడు. మొత్తం ఆరు లక్షల వరహాలని జనశ్రుతి. పంటలు బాగా వచ్చాక రైతులు తీర్చేస్తామన్నారనీ, దర్బారుకు అర్జీ పెట్టుకుంటే జవాబు రాలేదనీ కొందరు సమర్థిస్తారు. నేను సమర్థించను. సర్కారు సొమ్ము సర్కారు సొమ్మే. అనుమతి లేకుండా ఒక పద్దు సొమ్ము మరో పద్దుకు మళ్ళిస్తే, అది దేవుడి పని అయినా సరే, తప్పే. ఆయన భక్తిని తలచుకుని కళ్ళు చెమర్చే నేనే ఈ మాట వ్రాస్తున్నాను. ఈ తప్పును తప్పుగా ఒప్పుకోకపోతే తరువాతి కథలో పస లేదు.

గుడి పూర్తి కావచ్చిన రోజుల సంగతి ఒకటి స్థలపురాణం చెప్తుంది. విమానం మీద నిలపవలసిన సుదర్శన చక్రం విషయంలో గోపన్న ఏమీ పాలుపోక దిగులుపడ్డాడు. స్వామి కలలో కనిపించి గోదావరిలో స్నానం చెయ్యమన్నాడు. మునిగి లేస్తే చక్రం చేతికి తగిలింది. ఆరు లక్షలు ఖర్చుపెట్టి కట్టిన గుడికి అన్నిటికన్నా పైన ఉన్న వస్తువు మాత్రం ఆయన పైకంతో వచ్చింది కాదు. ఆ రోజున ఆయనకు ఈ సంగతి తట్టిందో లేదో! గుడి కట్టిన సంబరంలో ఎవరికి తడుతుంది?

ఖజానాకు పైకం రాలేదు. తాకీదులు వచ్చాయి, తరువాత సిపాయిలు వచ్చారు. గోపన్నను గోల్కొండకు తీసుకుపోయి కోటలో బంధించారు. మేనమామలు మంత్రులై ఉండి కూడా మేనల్లుణ్ణి విడిపించలేకపోయారు. పన్నెండేళ్ళు చెరలో ఉన్నాడని చెప్తారు. బకాయి కక్కించడానికి కొరడా దెబ్బలు కొట్టారు. దెబ్బల సంగతి కట్టుకథ అనడానికి లేదు, ఆయన పాటల్లోనే ఉంది.

గోల్కొండ చూడడానికి వెళ్ళిన మనవాళ్ళు చాలామంది ఆ గది చూసే ఉంటారు. నేను మనవణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. చీకటి గది, పైకప్పులో ఒక కన్నం, అందులోంచి పడే కాస్త వెలుతురు. గోడ మీద చెక్కిన రాముడు, లక్ష్మణుడు, ఆంజనేయుడు. అవి గోపన్న చేతితో చెక్కినవని చెప్తారు. అన్నం ఎక్కడినుంచి పెట్టేవారు అని మనవడు అడిగాడు. ఆ కన్నం చూపించాను. వాడు తరువాత ఏమీ అడగలేదు.

ఆ గదిలో పుట్టిందని చెప్పుకునే కీర్తనలలో నగల కీర్తన మీ అందరికీ వచ్చు. మన ఇళ్ళలో ఆడవాళ్ళు పనులు చేసుకుంటూ పాడుకునేది. దాన్ని ఒకసారి పాటగా పక్కనపెట్టి, కాగితంగా చూడండి. అచ్చం ఖర్చుల పట్టీ. ప్రాకారం కట్టించాను, ఇన్ని వేల వరహాలు పట్టింది. భరతుడికి పచ్చల పతకం, ఇంత. శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, ఇంత. లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం, వాటికి ఇంతింత. పద్దు పద్దుకూ ఎవరికి చేయించాడో, ఏమి చేయించాడో, ఎంత పట్టిందో ఉంది. ఇక స్వామికి చేయించిన కలికితురాయి దగ్గరకు వచ్చేసరికి ధర చెప్పడం మానేసి దెప్పడం మొదలుపెట్టాడు. ఎవరి సొమ్మని పెట్టుకుని కులుకుతూ తిరుగుతున్నావని నిలదీశాడు. దశరథుడు పంపించిన సొమ్మా, జనకుడు పెట్టిన సొమ్మా అని అడిగాడు. తండ్రిని, మామగారిని కలిపి ఎత్తిపొడవడం తెలుగు ఇళ్ళలో మనకు కొత్త కాదు కదా!

ఆయన గుండెలో ఉన్న ధీమా ఈ కీర్తనలో స్పష్టంగా తెలుస్తుంది. రాముడు ఉన్నాడనే ధీమా కంటే, రాముడికి తాను చేసినదాని మీద ధీమా. ఇంత చేశాను కాబట్టి వచ్చి తీరాలి. బాకీ ఉన్నవాడు తీర్చాలి. తానీషా గోపన్నను అడుగుతున్నది ఏమిటో, గోపన్న రాముణ్ణి అడుగుతున్నదీ అదే. ఇద్దరి చేతిలోనూ బకాయి చిట్టాయే.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి, పాఠకులు క్షమించాలి. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను గుమాస్తాను. సహాయ కార్యక్రమాలకు వేశారు. బియ్యం బస్తాలు దింపించి, గ్రామాలకు పంపించి, పట్టీలు వ్రాసి, ఆ వాసన మధ్య వారాల తరబడి పనిచేశాము. ముప్ఫై రెండేళ్ళ తరువాత, 2009లో పదవీ విరమణ చేస్తే, ఆ కాలపు అడ్వాన్సు ఒకటి సర్దుబాటు కాలేదని ఆడిట్ అభ్యంతరం చూపించి గ్రాట్యుటీ నిలిపివేశారు. వోచర్లు నా దగ్గర లేవు, కార్యాలయంలోనూ లేవు. ఏ కార్యాలయమో ఇప్పుడు అనవసరం. పద్నాలుగు నెలలు అర్జీలు పెట్టాను. ప్రతి అర్జీలోనూ ఉప్పెన రాత్రులు, ఎన్నికల విధులు, జమాబందీలు, నాకు వచ్చిన ప్రశంసాపత్రాలు, అన్నీ ఏకరువు పెట్టేవాణ్ణి. జవాబు రాకపోయిన కొద్దీ అర్జీ పొడుగు పెరిగేది.

ఒకరోజు రేడియోలో బాలమురళీకృష్ణగారి గొంతులో రామదాసు కీర్తనలు వస్తున్నాయి. మా ఇంట్లో ఆవిడ బియ్యం ఏరుతూ విని, మీ అర్జీ ఆ నగల పాటలాగే ఉందండీ, కాకపోతే ఆయన చివర తప్పయిపోయిందన్నాడు, మీరు అనలేదు అంది. ఆ పూట నాకు చాలా కోపం వచ్చింది. రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజున ఆ పాట మళ్ళీ మనసులో పాడుకుని చూశాను.

నిజమే. లెక్క చెప్పి, దెప్పి, తిట్టి, అంతా అయ్యాక గోపన్న గొంతు మారింది. తిట్టినందుకు కష్టపెట్టుకోవద్దని బతిమాలుకున్నాడు. దెబ్బలకు తట్టుకోలేక అన్నానని ఒప్పుకున్నాడు. ఆ తరువాత నగల ఊసు లేదు. ఏలుకొమ్మని అడగడమే. పాట మొదట లేచినవాడు లెక్కలు గట్టిగా పట్టుకున్న తహశీల్దారు. చివరికి మిగిలింది ఒళ్ళు పచ్చిపుండైన మనిషి. తన చేతుల్లో చూపించడానికి ఏమీ లేదు, అడగడానికి మాత్రం ఒకడున్నాడు.

ఆయన కీర్తనలన్నీ ఈ కంటితో చూస్తే సంగతి ఇంకా తెలుస్తుంది. ఎంత పిలిచినా పలకవేమని రాముణ్ణి అడిగిన కీర్తనలో తన నగలను కాదు, ఇసుకలో పొర్లిన ఉడుతను గుర్తు చేశాడు. రాయిగా పడి ఉండి ఆడదై లేచిన అహల్యను గుర్తు చేశాడు. ఉడుత ఎన్ని వరహాలు ఖర్చుపెట్టింది? రాయి ఏ గోపురం కట్టించింది? ఉడుత అయినా ఒంటికి అంటిన ఇసుక తెచ్చి విదిలించింది, రాయి అదీ చేయలేదు. వాళ్ళ మీద దయ చూపినవాడు నా మీద చూపడా అన్నదే ఇక ఆయన వాదం. ఇంకో కీర్తనలో సీతమ్మవారిని ఆశ్రయించి, ఏకాంతంలో ఉన్నప్పుడు స్వామితో తన మాట చెప్పమని వేడుకున్నాడు. పై అధికారి పలకనప్పుడు అమ్మగారి ద్వారా చెప్పించుకోవడం పాత ఉద్యోగికి తెలిసిన విద్యే కదా అని నాకు నవ్వు వస్తుంది. మేనమామల సిఫార్సు పనిచేయని చోట ఆయనకు ఆ ఒక్క సిఫార్సే మిగిలింది.

దాశరథీ శతకంలో ఆయన లెక్క మళ్ళీ చెప్పాడు. ఈసారి పద్దులు వేరు. నేను చేసిన ఘోరాలు ఇవి, భాగవతులకు చేసిన అపచారాలు ఇవి, వీటిని తలచుకుని నన్ను చిక్కుల్లో పెట్టవద్దని రాముడితో చెప్పుకున్నాడు. పతకం లేదు, మొలతాడు లేదు, ప్రాకారం లేదు. కట్టినవాటిని వదిలేసి తన లోపాలను మాత్రమే పట్టీ వేసి ముందు పెట్టాడు. మన ఇళ్ళలో పిల్లలకు ఆ శతక పద్యాలు కంఠతా పట్టించేవారు. గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి బడికి పరిగెత్తినవాళ్ళమే మనమంతా. పద్యం ఏమి చెప్తున్నదో నాకు తెలిసింది అరవై దాటాక.

శతకం ముందో కీర్తనలు ముందో నేను తేల్చబోవడం లేదు. పన్నెండేళ్ళ చెరలో మనిషి ఒకసారి తేరుకుని ఇక అలాగే ఉండిపోతాడని కూడా అనుకోను. ఇవాళ శరణన్నవాడు రేపు దెబ్బ పడితే మళ్ళీ నగల చిట్టా తీసి ఉంటాడు. అందుకే ఆ రెండు రకాల పాటలూ మనదాకా వచ్చాయి.

విడుదల కథ జగమెరిగినది. ఒక రాత్రి ఇద్దరు యువకులు రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు చెప్పి తానీషా పడకగదికి వచ్చారు. గోపన్న బాకీ అణా పైసలతో సహా రామమాడలు కుప్పపోసి, రసీదు వ్రాయించుకున్నారు. ఆ రసీదు చెరసాలలో నిద్రపోతున్న గోపన్న తల దగ్గర పెట్టి వెళ్ళిపోయారు. తెల్లవారి తానీషా పరుగెత్తుకు వచ్చి సంకెళ్ళు తీయించాడు. చరిత్రకారులు దీన్ని ఎలా చూసినా, నాకు ఈ కథలో రసీదు అంటే ఇష్టం. సర్కారు బాకీని దేవుడు మాఫీ చేయించలేదు, చెల్లించాడు. చెల్లించి కాగితం పుచ్చుకున్నాడు. గోపన్న చేసిన తప్పు తప్పుగానే ఉంది, ఖజానాకు రావలసినది వచ్చింది. ఈ కథ కట్టినవారెవరో కచేరీలో పనిచేసినవారే అయి ఉండాలి!

రసీదు చూసుకుని గోపన్న సంతోషించలేదట. పన్నెండేళ్ళు ఏడ్చిన తనకు కాక, కొట్టించిన తానీషాకు దర్శనం ఇచ్చాడా అని కుమిలిపోయాడట. దానికి కూడా కథ చెప్పేవారి దగ్గర జవాబు ఉంది. పూర్వజన్మలో గోపన్న ఒక చిలుకను పన్నెండేళ్ళు పంజరంలో పెట్టాడనీ, ఆ బాకీ ఈ పన్నెండేళ్ళతో చెల్లిందనీ అంటారు. కథ మాట ఎలా ఉన్నా, ఆ ఏడుపులో మాత్రం నాకు నిజం వినిపిస్తుంది. దర్శనం కూడా చేసిన పనికి కూలిగా రాలేదు. ఎవరికి రావాలో వాళ్ళకు వచ్చింది.

గోపన్న భద్రాచలం తిరిగి వెళ్ళి రామసేవలో మిగిలిన జీవితం గడిపాడు. తానీషా గుడికి మాన్యాలు ఇచ్చి, నవమినాడు కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ మొదలుపెట్టాడని చెప్తారు. రాజ్యాలు మారినా, రాష్ట్రాలు మారినా ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు వెళుతూనే ఉన్నాయి.

ఆనాడు గోపన్న కంటే ఎంతో ఎత్తున ఉన్నవారి సంగతి చూస్తే మనసు అదోలా అవుతుంది. అక్కన్న మాదన్నలు 1686లో కుట్రలో దారుణంగా హతమైపోయారు. మరుసటి ఏడు, 1687లో, ఔరంగజేబు నెలల తరబడి ముట్టడించి గోల్కొండను పట్టుకున్నాడు. తానీషాను దౌలతాబాదు కోటకు పంపాడు. గోపన్నను చెరలో పెట్టిన ప్రభువు తన చివరి రోజులు ఆ కోటలో బందీగానే వెళ్ళబుచ్చాడు. ఆయన రసీదు వ్రాసిన ఖజానా మొగలుల పాలైంది.

తరువాత ఎనభై తొంభై ఏళ్ళకు తంజావూరు సీమలో పుట్టిన త్యాగరాజస్వామి, రామదాసు చెర విడిపించిన రాముడివి కదా అని తన కీర్తనలో తలచుకున్నాడు. గోపన్న గుడి కట్టాడన్నమాట ఆయన ఎత్తలేదు. చెర విడిపించడం ఒక్కటే ఎత్తాడు. 1964లో చిత్తూరు నాగయ్యగారు తీసిన రామదాసు చిత్రం మనలో చాలామంది టూరింగ్ టాకీసుల్లో చూసి ఏడ్చినవాళ్ళమే. 2006లో వచ్చిన శ్రీరామదాసు మన పిల్లలు చూశారు. భద్రాచలంలో గోపన్న చేయించినవని చెప్పే ఆ పతకాలు, కలికితురాయి ఇప్పటికీ ఉన్నాయి.

నా గ్రాట్యుటీ సంగతి ఏమయిందని అడుగుతారేమో. చివరి అర్జీ అరఠావు మాత్రమే వ్రాశాను. వోచర్లు నా దగ్గర లేవు, లెక్క చూపించలేను, తమ చిత్తం అన్నాను. నాలుగు వేల చిల్లర రికవరీ వేసి మిగతాది ఇచ్చారు. అరఠావు అర్జీ వల్ల వచ్చిందని నేను అనను, ఫైలు కదిలే వేళకు కదిలి ఉంటుంది. అర్జీ పెట్టి వచ్చిన రాత్రి మాత్రం, డబ్బు వస్తుందో రాదో తెలియకుండానే, చాలా నెలల తరువాత నిద్ర పట్టింది.

పోయిన నవమికి మన సంఘం హాలులో భజన పెట్టుకున్నాం. నగల కీర్తన ఎత్తుకోగానే అందరి గొంతులూ లేచాయి. పచ్చల పతకం, ముత్యాల పతకం, చింతాకు పతకం, పద్దు పద్దుకూ తాళాలు మోగాయి. దెప్పే చరణం దగ్గర ఆడవాళ్ళు నవ్వుకుంటూ పాడారు. క్షమించమనే చరణం వచ్చేసరికి తాళాలు తగ్గాయి. వెనుక వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన, అకౌంట్సులో పనిచేసి రిటైరైనవారు, ఆ చరణాన్ని పాట అయిపోయిన తరువాత కూడా ఒక్కరే మెల్లగా మళ్ళీ అందుకున్నారు. హార్మోనియం వాయించే అబ్బాయి చూసి, ఆయన కోసం శ్రుతి పట్టుకుని ఉండిపోయాడు.